మేష్టారికిచ్చిన గ్యారంటీ

భవానీపురంలో నా కొట్టుకి బోర్డు ఉండేది గానీ, అది చదివి వచ్చినవాళ్లు తక్కువ. "గ్యారంటీ సాయిబు కొట్టెక్కడండీ?" అని కనుక్కుంటూ వచ్చేవారు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు అమ్మేవాణ్ణి. పాడైతే బాగుచేసేవాణ్ణి. రెండు పనులకీ ఒకటే మాట వాడేవాణ్ణి.

రోజుకి వందసార్లు వాడి ఉంటాను. మిక్సీ మోటారుకి రెండేళ్లు గ్యారంటీ అని గట్టిగా చెప్పి, జారు మూతకి లేదని కాస్త మెల్లిగా చెప్పేవాణ్ణి. "సాయంత్రానికి గ్యారంటీగా ఇచ్చేస్తానండీ" అంటే మర్నాడు మధ్యాహ్నం రమ్మని అర్థమని పాతవాళ్లందరికీ తెలుసు. ఎదురు బట్టలకొట్లో రంగు గ్యారంటీ అంటే మొదటి ఉతుకుదాకా. మబ్బు పట్టిందంటే వాన గ్యారంటీ. పిల్లాడు పుస్తకం ముట్టుకోకపోతే ఫెయిలు గ్యారంటీ. బ్యాంకులో మనకోసం సంతకం పెట్టేవాడి పేరే గ్యారంటీ. ఆసుపత్రిలో డాక్టరు గ్యారంటీ ఇవ్వలేమన్నాడంటే మాత్రం బంధువులకి కబుర్లు పంపుకోవాల్సిందే. ఇంగ్లీషువాడు ఏ పనికోసం ఈ మాట తయారు చేసుకున్నాడో నాకు తెలియదు. మనవాళ్లు దానిచేత చేయించని చాకిరీ లేదు.

ఈమధ్య కంపెనీవాళ్లు కార్డుల మీద వారంటీ అని అచ్చు వేస్తున్నారు. గ్యారంటీ అంటే కొత్తది మార్చి ఇవ్వాలట, వారంటీ అంటే బాగుచేసి ఇస్తే చాలట. డీలర్లందరినీ హోటల్లో కూర్చోబెట్టి, భోజనం పెట్టి మరీ చెప్పారు. ఎవరు విన్నారు గనక! కొనేవాళ్లు గ్యారంటీ ఉందా అనే అడుగుతున్నారు, నేను ఉందనే చెబుతున్నాను.

అందరు షాపులవాళ్లూ ఆ మాట అంటారు గానీ, నేను దానికి నిలబడేవాణ్ణి. గడువు దాటి పది రోజులైనా తీసుకునేవాణ్ణి. తెలిసినవాళ్లయితే కార్డు మీద తేదీ వెయ్యకుండా ఖాళీగా ఉంచి ఇచ్చేవాణ్ణి, పాడైన రోజున చూసి వేసుకుందామని. అందుకని నా మాటకి వీధిలో విలువ ఉండేది. నాకు దాని పొగరూ ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది. మునిగింది నా కొంప కాదు, అదీ బాధ.

తొంభైనాలుగు ఎండాకాలం చివర్లో, బడులు తెరిచాక, ఒక సాయంత్రం, తెల్ల పంచె, చేతిలో గొడుగు, యాభై దాటిన మనిషి ఒకాయన కొట్టు మెట్లెక్కారు. కూచిపూడి నుంచి వచ్చారట. పేరు అచ్యుతరామారావు, హైస్కూల్లో లెక్కల మేష్టారు. కూర్చోమని స్టూలు జరిపితే, కండువాతో దుమ్ము దులుపుకుని కూర్చున్నారు.

"కొనడానికి రాలేదండీ. మీ సందులో అనంతకృష్ణ అనే కుర్రాడున్నాడు కదా, మా అమ్మాయికి అనుకుంటున్నాం. వాకబు చేద్దామని వచ్చాను."

సంబంధం ఖాయం చేసుకునేముందు ఆడపిల్లవాళ్లు ఇలా పిల్లాడి వీధికొచ్చి అడగడం మామూలే. చుట్టాల్ని అడిగితే చుట్టాల మాటే చెబుతారని మూలమీది కిరాణాకొట్టునీ, ఇస్త్రీబండివాణ్ణీ, మాలాంటి రిపేరువాళ్లనీ అడుగుతారు. ఆయన అప్పటికే ముగ్గుర్ని అడిగారట. ముగ్గురూ మంచివాడే అన్నారట. "అయినా సాయిబుగారిని ఓ మాట అడగండి, ఆయన గ్యారంటీ అంటే ఇంక తిరుగులేదు" అని కిరాణాకొట్టాయన నా దగ్గరికి పంపించాడట.

నాకు ఒళ్లు పొంగింది. అది దాచి ఏం లాభం?

అనంతకృష్ణ ఆటోనగర్లో ఒక స్పేర్‌పార్టుల కంపెనీలో లెక్కలు రాసేవాడు. నున్నగా దువ్వుకుని, టక్ చేసుకుని, కొట్టు ముందునుంచి వెళ్తూ "బాగున్నారా అలీగారూ" అని పలకరించేవాడు. తాగడు, సిగరెట్టు ముట్టడు. తండ్రి లేడు, తల్లి సుబ్బరత్నంగారితో ఉండేవాడు. వీధికి తెలిసింది అంతే.

నాకు అంతకంటే ఎక్కువ తెలుసు. మూడేళ్లలో ఆ ఇంటినుంచి నా బల్లమీదికి తొమ్మిది వస్తువులొచ్చాయి. వాడగా వాడగా కాలిపోయిన మోటారు వాసన చూస్తే చెప్పేస్తాను. చెయ్యి జారి పడ్డ వస్తువు అడుగున నొక్కుకుపోతుంది. విసిరికొట్టిన వస్తువు అలా ఉండదు, దాని మూల పగులుతుంది. సుబ్బరత్నంగారు పాత చీరలో చుట్టి తెచ్చిన టేబుల్‌ఫ్యాను జాలీ లోపలికి పోయి రెక్కల్లో ఇరుక్కుంది. ట్రాన్సిస్టరు వీపు నాలుగు ముక్కలైంది. తెచ్చిన ప్రతిసారీ ఆవిడ "చెయ్యి జారిందయ్యా అలీ" అనేది. ఒకసారి ఆవిడ కనుబొమ మీద ప్లాస్టరు ఉంది. అడగలేదు నేను. కొట్లోకొచ్చిన వస్తువు గురించి బయట మాట్లాడకూడదని మా నాన్న నేర్పాడు. అది మంచి అలవాటే అనుకున్నాను.

మేష్టారు వచ్చిన రోజున కూడా వాళ్ల ఇస్త్రీపెట్టె నా బల్లమీదే ఉంది. దాని ముక్కు వంకరపోయి ఉంది. ఇనప ముక్కు గోడకి తగిలితే తప్ప వంగదు. మేష్టారు దాని పక్కనే చెయ్యి ఆనించి మాట్లాడుతున్నారు.

"తాగుడూ అదీ లేవు కదండీ?"

"ఆ వాసనే లేదండీ."

"ఉద్యోగం స్థిరమేనా?"

"స్థిరమే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కోపతాపాలు ఎలా ఉంటాయండీ? మా అమ్మాయి గట్టిగా మాట్లాడితేనే తట్టుకోలేదు. మా ఇంట్లో అలాంటివి ఎరగదు."

చెప్పడానికి అంతకన్నా మంచి అదను ఏముంటుంది? చెప్పలేదు. ఆ క్షణంలో నా బుర్రలో తిరిగినవన్నీ నాకు గుర్తే. పెళ్లి చెడగొట్టిన పాపం నాకెందుకు అనుకున్నాను. వాళ్లూ వాళ్లూ ఒకటి, మధ్యలో సాయిబు పుల్ల పెట్టాడంటారు అనుకున్నాను. వయసు వేడి, పెళ్లైతే చల్లారుతుంది అనుకున్నాను. అన్నిటికంటే, గ్యారంటీ సాయిబు అని వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపడం నాకు నామోషీగా అనిపించింది. ఇదీ అసలు సంగతి.

"గ్యారంటీ మేష్టారూ, కళ్లు మూసుకుని చేసుకోండి" అన్నాను.

ఆయన ఇంకా కాసేపు కూర్చున్నారు. వెళ్లేటప్పుడు రెండు చేతులూ జోడించారు. శ్రావణంలో పెళ్లైంది. కాపురానికి పెట్టే మిక్సీ నా దగ్గరే కొన్నారు, విజయవాడలో ఎన్ని పెద్ద షాపులు ఉన్నా.

ఇంటికెళ్లి ఈ కబురు చెబితే మా ఆవిడ సైదాబీ చేతిలో గరిటె పట్టుకుని నావైపు తిరిగింది. "సుబ్బరత్నంగారి నుదురు మీకు కనబళ్లేదా? మీరు గ్యారంటీ ఇచ్చింది ఫ్యాను కాదు."

"పెళ్లి చెడగొట్టమంటావా?"

"నోరు మూసుకోమంటాను. అది కూడా చేతకాలేదు మీకు" అంది. ఆ రోజు నాకు కోపమొచ్చి అన్నం తినకుండా లేచాను.

మేష్టారి అమ్మాయి అపూర్వ కొత్త కోడలిగా వచ్చిన నెలలోనే మా కొట్టు అలవాటైంది. సన్నగా, చురుగ్గా ఉండేది. "కూచిపూడి అనగానే నాట్యం వచ్చా అంటారు బాబాయిగారూ. నాకు లెక్కలు తప్ప ఏమీ రావు" అని నవ్వేది. బియ్యెస్సీ చదివింది. మా అమ్మాయి ఆస్మా అప్పుడు ఆరో తరగతి, లెక్కలంటే ఏడుపు. సాయంత్రం ఆస్మా బడినుంచి రాగానే కొట్టు అరుగుమీద కూర్చోబెట్టి భిన్నాలు చెప్పేది. ఆస్మాకి లెక్కలు వచ్చాయంటే ఆ అమ్మాయి చలవే.

నాలుగో నెలలో మిక్సీ తెచ్చింది. పాత చీరలో చుట్టి ఉంది. విప్పి చూస్తే మూల పగిలింది.

"చెయ్యి జారింది బాబాయిగారూ" అంది.

నేను తలెత్తకుండా "గ్యారంటీలో ఉందమ్మా" అన్నాను. పగిలినదానికి ఏ కంపెనీ గ్యారంటీ ఇవ్వదు. నేను ఇచ్చాను. తరవాత ఐదేళ్లూ ఇస్తూనే ఉన్నాను. ఫ్యాను, స్టవ్వు, గడియారం, మళ్లీ మిక్సీ, ఏది తెచ్చినా గ్యారంటీ అనేవాణ్ణి. మర్నాటికల్లా మచ్చ కనబడకుండా చేసి ఇచ్చేవాణ్ణి. ఏదో మేలు చేస్తున్నానని అప్పట్లో నన్ను నేను సముదాయించుకున్నాను. నిజానికి ఆ ఇంట్లో జరిగినదాని ఆనవాళ్లన్నీ నా చేతులతోనే తుడిచేశాను. ఎవరైనా చుట్టం వచ్చి చూసినా, ఆ ఇంట్లో అన్నీ కొత్తవాటిలా మెరుస్తూ ఉండేవి.

తొంభైఎనిమిదిలో ఒకరోజు అపూర్వ చెంప వాచి వచ్చింది. సైదాబీ లోపలికి తీసుకెళ్లి మంచుగడ్డ పెట్టింది. ఆ అమ్మాయి వెళ్లాక నా ముందుకొచ్చి నిలబడింది.

"వాళ్ల నాన్నకి కార్డు ముక్క రాయండి."

"ఆయనకి చెప్పొద్దని ఆ పిల్లే అంది కదా."

"అది అంటుంది. మీరు రాయండి."

కార్డు కొన్నాను. రాయలేదు. రాస్తే ఆయన మొదట అడిగేది నన్నే కదా, ఆ రోజు అలా ఎందుకు చెప్పావని. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి ఒక ఆడపిల్లని ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఉండనిచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తొంభైతొమ్మిది ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అతను ఆఫీసులో ఉండగా, అపూర్వ ఒక సూటుకేసుతో ఆటోలో వచ్చి కొట్టు ముందు ఆగింది. ఎడమ చెవి వినబడడం మానేసి అప్పటికి రెండు నెలలు.

"వెళ్లిపోతున్నాను బాబాయిగారూ. హనుమాన్ జంక్షన్లో మార్త అని నా క్లాస్‌మేటు స్కూలు నడుపుతోంది, రమ్మంది. ఈ వీధిలో చెప్పి వెళ్లాలనిపించింది మీకొక్కరికే."

కూచిపూడి వెళ్లకుండా అక్కడికెందుకని అడగబోయాను. ఆటో వెళ్లిపోయింది.

ఆ డిసెంబరులో మేష్టారు వచ్చారు. సగం మనిషయ్యారు. అదే స్టూలు మీద కూర్చున్నారు. తిడతారనుకున్నాను. చొక్కా పట్టుకుంటారనుకున్నాను. పట్టుకుంటే బాగుండేది.

"మీకు తెలియదు కదండీ?" అన్నారు.

అంతే అడిగారు. నా మొహంలోకి చూస్తూ ఆగారు.

"తెలియదు మేష్టారూ" అన్నాను.

"అవును, మీకు మాత్రం ఎలా తెలుస్తుంది" అని లేచారు. మంచినీళ్లిస్తే తాగి, గ్లాసు బల్లమీద పెట్టి, మెల్లిగా మెట్లు దిగారు. రెండువేలొకటిలో దసరా ముందు పోయారని సైదాబీ ఎక్కడో విని వచ్చి చెప్పింది. గుండెపోటట. నేను చావు చూడటానికి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

రెండువేలమూడులో, కోర్టులో అపూర్వకి విడాకులైన కొన్నాళ్లకి, తెనాలి నుంచి ఒక పెద్దమనిషి కొట్టుకొచ్చాడు. చెల్లెలికి అనంతకృష్ణ సంబంధం వచ్చిందట, రెండో పెళ్లి. "మొదటమ్మాయికి మనసు నిలకడ లేక వెళ్లిపోయిందంటున్నారు, నిజమేనాండీ?" అని అడిగాడు.

ఇదిగో, ఈ బల్లమీదికి ఆ ఇంటినుంచి ఏమేం వచ్చాయో చెప్పాను. ఆ అమ్మాయి చెవి సంగతి చెప్పాను. వద్దన్నాను. నాలుగు మాటలు, అర నిమిషం పట్టలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆకాశం విరిగి పడలేదు. సాయిబు పెళ్లి చెడగొట్టాడని ఎవరూ కొట్టుమీదికి రాలేదు. తొమ్మిదేళ్ల క్రితం నేను మోయలేననుకున్న బరువు ఇంతేనా అని, షట్టరు సగం దించి, లోపల కూర్చుని ఏడ్చాను. అసలు ఆ రోజున మాట కూడా అక్కర్లేదు. మేష్టారు కోపం సంగతి అడిగినప్పుడు నేను ఊరికే తల దించుకున్నా ఆయనకి అర్థమయ్యేది.

ఆ ఆదివారమే హనుమాన్ జంక్షన్ బస్సెక్కాను. ఏలూరు రోడ్డు మీదినుంచి కాస్త లోపలికి స్కూలు, దాని వెనక రెండు గదుల ఇల్లు. వరండాలో పదిమంది పిల్లలు ట్యూషన్లో ఉన్నారు. నన్ను చూడగానే అపూర్వ మొహం వెలిగింది. పిల్లల్ని ఇళ్లకి పంపేసి, కుర్చీ వేసి, కాఫీ తెచ్చింది. ఆస్మా డిగ్రీలో లెక్కలే తీసుకుందని చెబితే చప్పట్లు కొట్టింది.

"మార్తకి ఎప్పుడూ చెబుతుంటాను బాబాయిగారూ, ఆ వీధిలో మనిషంటే మీరేనని."

ఇక ఆగితే ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"అమ్మా, నీ పెళ్లికి ముందు మీ నాన్నగారు నా దగ్గరికొచ్చారు. అతని గురించి అడిగారు. నాకప్పటికే తెలుసు. మీ అత్తగారు తెచ్చిన వస్తువులు చూసి తెలుసుకున్నాను. తెలిసి కూడా గ్యారంటీ అని చెప్పాను. నామోషీకి చెప్పాను."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. సగం అలాగే ఉండిపోయింది.

"నాన్నగారు మీ దగ్గరికొచ్చారా?"

"వచ్చారు. నాకంటే ముందు ముగ్గుర్ని అడిగారు."

"ఎవర్నీ అడగలేదన్నారే" అంది. "నేను ఇక్కడికొచ్చాక ఆయన వస్తే అదే అడిగాను. ఒక్కర్నైనా అడిగారా, కూతుర్ని ఇచ్చేముందు ఒక్క మనిషిని కనుక్కున్నారా అని. తప్పైపోయిందమ్మా, ఎవర్నీ అడగలేదు అన్నారు. అప్పటినుంచి మాట్లాడటం మానేశాను. మూడుసార్లు వచ్చారు, తలుపు తియ్యలేదు. ఆ అరుగుమీద కూర్చుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోయేవారు."

ఆయన నా పేరు ఎందుకు చెప్పలేదో నాకు అంతుపట్టలేదు. అపూర్వ తనే చెప్పింది.

"ఇంటికి రాసిన ప్రతి ఉత్తరంలో మీ గురించే రాసేదాన్ని. ఇక్కడ నాకు బాబాయిగారున్నారు, బెంగపడకండి అని. అందుకే మీ పేరు చెప్పి ఉండరు."

కాఫీ చల్లారిపోయింది. ఆమె కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

"ఆ రోజు నాన్నగారు ఏమేం అడిగారు? ఒక్కొక్కటీ చెప్పండి."

చెప్పాను. తాగుడు గురించి, ఉద్యోగం గురించి, కోపం గురించి అడిగారని చెప్పాను. గట్టిగా మాట్లాడితేనే మా అమ్మాయి తట్టుకోలేదన్నారని చెప్పాను. ఒక్కొక్కదానికీ తల ఊపుతూ వింది.

"ఇంకా?"

ఆ ఇంకొకటి నేను సైదాబీకి కూడా చెప్పలేదు. ఇక్కడ రాస్తూ కూడా పైన దాటేశాను.

"నేను గ్యారంటీ అన్నాక కూడా ఆయన లేవలేదమ్మా. అప్పుడే ఆస్మా బడినుంచి వచ్చి నా పక్కన నిలబడింది. దాన్ని చూసి, 'ఈ పిల్లనైతే అతనికిస్తారా?' అని అడిగారు."

"మీరేమన్నారు?"

"ఇస్తానన్నాను."

అపూర్వ లేచి, నా చేతిలోని కాఫీ గ్లాసు తీసుకుంది. బయట ఎవరో పిల్ల మర్చిపోయిన నోటుపుస్తకం కోసం వచ్చి నిలబడితే, దాన్ని వెతికి ఇచ్చి పంపించింది. తరవాత గుమ్మం దగ్గరే ఆగి, నావైపు చూడకుండా చెప్పింది.

"మీ బస్సు టైమైంది. వెళ్లండి అలీగారూ."